ఆఫ్ చేసిన ఫోను నిజంగా ఆఫ్ అయినట్టేనా?

కొత్త ఫోను ఆఫ్ చేయబోతుంటే, ఆఫ్ చేశాక కూడా అది ఎక్కడుందో కనుక్కోవచ్చని చెప్పే చిన్న వాక్యం తెర మీద కనిపించిందనీ, అప్పటినుంచి మనసు కుదురుగా లేదనీ రాశారు. ఆఫ్ చేసినా ఫోను పనిచేస్తూనే ఉంటే ఇక ఆఫ్ చేయడం ఎందుకు, ఆ సమాచారం కంపెనీకో పోలీసులకో ఇంకెవరికో చేరుతుందా, ఆ సదుపాయాన్ని తీసేయడం మంచిదా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు జవాబు చెప్పేస్తాను. అవును, కొన్ని ఫోన్లు ఆఫ్ చేశాక కూడా కొన్ని గంటలపాటు తమ ఉనికిని చాటుతూనే ఉంటాయి. కానీ ఆ చాటింపు నుంచి మీరెక్కడున్నారో తెలుసుకోగలిగేది ఫోనులో ఉన్న మీ ఆపిల్ లేదా గూగుల్ ఖాతా తెరవగలిగినవారే. మీ ఖాతాలోకి మీరు తప్ప ఇంకెవరూ వెళ్లలేరని గట్టిగా చెప్పగలిగితే ఆ సదుపాయాన్ని ఉంచుకోండి, దానివల్ల మేలే ఎక్కువ. అలా చెప్పలేకపోతే ఆఫ్ బటన్ సంగతి తర్వాత, ముందు ఖాతా సంగతి చూడండి. నేను ఫోన్ల మరమ్మతుతో మొదలుపెట్టి, ఇప్పుడు ఫోను భద్రత గురించి మనుషులకు ఎదురుగా కూర్చుని నేర్పే పనిలో ఉన్నాను. ఈ విషయంలో నాకు ఎదురైన చిక్కుల్లో ఎక్కువ భాగం ఖాతా దగ్గరే తేలాయి.

ఈ సదుపాయం మరీ పాతదేమీ కాదు. నెట్‌వర్క్ లేని ఫోనును చుట్టుపక్కల ఫోన్ల సాయంతో వెతికే పద్ధతిని ఆపిల్ 2019లో తెచ్చింది. 2021లో వచ్చిన ఐఓఎస్ 15తో (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు ఐఓఎస్) దాన్ని ఆఫ్ చేసిన ఫోన్లకూ విస్తరించింది. ఐఫోన్ 11, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో చాలావాటికి ఇది ఉంది. గూగుల్ ఇలాంటి నెట్‌వర్క్‌ను 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టి, తన పిక్సెల్ 8, పిక్సెల్ 8 ప్రో ఫోన్లు బ్యాటరీ అయిపోయినా ఆఫ్ చేసినా దొరుకుతాయని ప్రకటించింది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ ఇలా చేయలేవు. దీనికి ఫోను లోపల ప్రత్యేకమైన హార్డ్‌వేర్ ఉండాలి.

ఆఫ్ చేసిన ఫోనులో ఏం జరుగుతుందో నా కళ్లతో చూసిన రోజు బాగా గుర్తుంది. మిగతా ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టి తలుపు మూశాను. గాలిలో తిరిగే బ్లూటూత్ ప్యాకెట్లను పట్టి చూపే చిన్న పరికరం ఒకటి ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంది. ఐఫోన్ ఆఫ్ చేసి బల్ల మీద పెట్టాను. తెర నల్లబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ల్యాప్‌టాప్ తెర మీద ఒక వరుస వచ్చింది, కొంచెం ఆగి మరొకటి వచ్చింది. ప్రతి వరుసలోనూ ఆపిల్‌ను సూచించే ‘4సి 00’, దాని పక్కనే ఇది ఆచూకీ పిలుపని తెలిపే ‘12 19’, ఆ తర్వాత చూస్తే ఏమీ అర్థంకాని అంకెల బారు. ఇది ఆ ఫోనుదేనా అన్న అనుమానంతో ఫోనును రెండు చేతులతో గట్టిగా మూశాను. సిగ్నల్ బలం చూపే అంకె పడిపోయింది. చేతులు తీశాను, మళ్లీ లేచింది. చల్లగా, చీకటిగా, ఏ చప్పుడూ లేకుండా ఉన్న ఆ వస్తువు నేను ఇక్కడున్నానంటూ పిలుస్తూనే ఉంది.

అక్కడ పనిచేస్తున్నది మొత్తం ఫోను కాదు. ప్రధాన ప్రాసెసర్ నిద్రపోయింది, సెల్ టవర్‌తో మాట్లాడే మోడెమ్ ఆగిపోయింది, జీపీఎస్ లేదు, మైకు లేదు, కెమెరా లేదు. ఈ పిలుపు కోసం బ్లూటూత్ చిప్ మాత్రం అతి తక్కువ విద్యుత్తుతో మెలకువగా ఉంటుంది. ఆరిపోయే ముందు ప్రాసెసర్ దానికి కొన్ని కీలను, అంటే సమాచారానికి తాళం వేయడానికి పనికొచ్చే అంకెల బారులను, అప్పగించి పోతుంది, చిప్ వాటిని వంతులవారీగా గాలిలోకి వదులుతుంది. బ్యాటరీ అయిపోయిందని ఫోను ఆరిపోయినప్పుడు కూడా అందులో కొంత శక్తి మిగిలే ఉంటుంది. ఈ చిన్న పనికి అది చాలు. అయినా ఇది గంటల లెక్కే తప్ప వారాల తరబడి నడిచేది కాదు.

ఇంకో సంగతి. ఆఫ్‌లో ఉన్న ఫోనుకు తానెక్కడుందో తనకే తెలియదు. దాని పక్కగా వెళ్లే ఎవరో అపరిచితుడి ఫోను ఆ పిలుపును వింటుంది, అప్పుడు తానున్న చోటును ఆ కీతో తాళం వేసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. పోస్టు డబ్బాలో ఉత్తరం ఎవరైనా వేయవచ్చు, తెరవడానికి తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది కదా, అలాంటిదే ఇది. తెరిచే కీ మీ ఖాతాకు చెందిన పరికరాల్లోనే ఉంటుంది. ఉత్తరం వేసినవారికి డబ్బా ఎవరిదో తెలియదు. ఆపిల్ దగ్గర ఉండేది తాళం వేసిన ఉత్తరాల మూట మాత్రమే. ఎవరూ అటు వెళ్లకపోతే ఉత్తరమే ఉండదు. అందుకే మనుషులు తిరగని చోట ఈ సదుపాయం దాదాపు పనికిరాదు.

కీ ఒక్కటే ఎప్పటికీ ఉంటే, దారి పొడవునా యంత్రాలు పెట్టి ఇది నిన్నటి ఫోనే అని ఎవరైనా గుర్తుపట్టవచ్చు. అందుకే ఆపిల్ పద్ధతిలో కీ దాదాపు 15 నిమిషాలకొకసారి మారుతుంది. నేను బల్ల ముందు కూర్చుని చూస్తుండగానే ఆ అంకెల బారు మొత్తం మారిపోయింది. ఇక్కడి ఇంజినీరింగ్ నాకు నిజంగా నచ్చింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పద్ధతిని విప్పి చూసి, 2021లో వివరంగా ప్రచురించారు. కొన్ని లోపాలను కూడా పట్టుకున్నారు. కంపెనీ మాటనే నమ్మాల్సిన అవసరం లేకుండా బయటివారు పరీక్షించిన పద్ధతి కాబట్టి దీని మీద నాకు ఇంత ధైర్యం.

అలాగని భయపడాల్సింది అసలేమీ లేదని చెప్పను. అదే విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 2022లో మరో విషయం బయటపెట్టారు. ఐఫోన్‌లోని బ్లూటూత్ చిప్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్‌కు, అంటే ఫర్మ్‌వేర్‌కు, అది అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం లేదు. అంటే ఫోను మీద ముందే పూర్తి పట్టు సాధించిన దాడిదారు ఆ ఫర్మ్‌వేర్‌ను మార్చేస్తే, ఆఫ్ చేశాక కూడా అది నడుస్తూనే ఉండగలదు. ఇది మామూలు దొంగకు అందే పని కాదు. కానీ ఫోను తయారైన తీరులోనే ఆఫ్ అన్న మాట పట్టు సడలిందని ఆ పరిశోధన చూపించింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కూడా అదే. ఆ చిప్‌కు విద్యుత్తు పూర్తిగా ఆపే భౌతికమైన మీట మన చేతిలో లేదు, ఆ పని సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. కీలు ఎన్నిసార్లు మారినా, ప్రతి రేడియో చిప్‌కూ తయారీలో వచ్చిన చిన్న చిన్న వంకరలు ఉంటాయి. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టినట్టు, ఆ వంకరలను బట్టి పరికరాన్ని గుర్తుపట్టవచ్చని శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో చూపించారు. బహిరంగ ప్రదేశాల్లో వారు గమనించిన పరికరాల్లో దాదాపు 40 శాతాన్ని విడిగా గుర్తించగలిగారు. అయితే వేడిమి మారితే ఆ గుర్తు కూడా మారుతుంది, ఒకే మోడల్ చిప్‌లు ఒకదానికొకటి పోలి ఉంటాయి. పైగా ఇది ఆన్‌లో ఉన్న ఫోనుకూ ఉన్న బెడదే. అందుకే దీన్ని ఆఫ్ సదుపాయం తెచ్చిన ప్రమాదంగా లెక్కవేయను.

పోలీసులు, టవర్లు. ఆఫ్ చేసే క్షణంలో ఫోను తాను వెళ్లిపోతున్నట్టు నెట్‌వర్క్‌కు ఒక సందేశం పంపుతుంది. చివరగా ఏ టవర్ కింద ఉన్నదీ, ఎన్ని గంటలకు మాయమైందీ నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. ఆ తర్వాత మోడెమ్ మూగదే, టవర్ దాన్ని చూడలేదు. మీ రోజువారీ కదలికల చిట్టా కావాలనుకునేవారికి, మీరు ఫోను ఆన్‌లో పెట్టుకుని తిరిగినప్పుడు నెట్‌వర్క్ దగ్గర పోగుపడిన రికార్డులే చాలు. ఆ చిట్టా ముందు ఈ బ్లూటూత్ పిలుపులు చాలా చిన్నవి. దీన్ని చూసి కంగారుపడుతూ, పది యాప్‌లకు రోజంతా లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంచేవారిని చాలామందిని చూశాను. మీరూ ఒకసారి ఆ జాబితా తెరిచి చూడండి.

ఆఫ్ చేసిన ఫోన్లను కూడా నిఘా సంస్థలు కనిపెడతాయన్న మాట మీరు విని ఉంటారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2004 నాటికే అలాంటి పద్ధతిని రూపొందించిందని వాషింగ్టన్ పోస్ట్ 2013లో రాసింది. సాధారణంగా ఇలాంటి చోట జరిగేది ఫోను ఆఫ్ కాకుండానే ఆఫ్ అయినట్టు నటించడం. ఆండ్రాయిడ్‌లో అలా నటించే హానికర ప్రోగ్రామ్ గురించి 2015లో భద్రతా సంస్థ ఏవీజీ హెచ్చరించింది. ఐఫోన్‌లోనూ అది సాధ్యమేనని 2022 జనవరిలో జెక్‌ఆప్స్ సంస్థ చేసి చూపించింది. తెర ఆరిపోతుంది, ఆఫ్ అవుతున్నప్పటి బొమ్మ కూడా తిరుగుతుంది, లోపల మాత్రం ఫోను నడుస్తూనే ఉంటుంది. ఇది మీకు జరుగుతున్నదానికి పూర్తిగా వేరు. అది దాడి, మీ తెర మీద కనిపించినది కంపెనీ చెప్పి చేస్తున్న సదుపాయం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ఖాతా.

ఒకామె నా దగ్గరకు వచ్చింది. వివరాలు మార్చి చెబుతున్నాను. భర్త నుంచి విడిపోయే ప్రయత్నంలో ఉంది. న్యాయవాదిని కలవడానికి వెళ్లే ప్రతిసారీ ఇంటి బయటకు రాగానే ఫోను ఆఫ్ చేసేది. అయినా సాయంత్రానికి, ఫలానా వీధిలో నీకేం పని అని భర్త అడిగేవాడు. ఎవరో వెంటపడుతున్నారని ఆమె భయం. రెండు వారాలు నిద్ర లేదు. ఫోను చేతికి ఇచ్చినప్పుడు తెర పూర్తిగా చెమటతో తడిసి ఉంది. సెట్టింగ్‌లలో పైనున్న పేరు నొక్కి చూశాను. ఖాతా ఆమె పేరు మీదే ఉంది. కానీ ఫోను కొన్న రోజు దాన్ని తయారుచేసి ఇచ్చింది భర్తే, పాస్‌వర్డ్ పెట్టింది అతనే. ఆ ఖాతా తెరిచి ఉన్న పరికరాల జాబితాలో ఆమె ఎప్పుడూ చూడని టాబ్లెట్ ఒకటి ఉంది. ఆమె ఆఫ్ చేసిన ఫోను దారిన పోయేవారి ఫోన్ల ద్వారా పంపిన ప్రతి ఉత్తరాన్నీ ఆ టాబ్లెట్ నింపాదిగా తెరిచి చదివింది. సంకేతలిపి ఎక్కడా ఓడిపోలేదు. తాళంచెవి తప్పు చేతిలో ఉంది, అంతే.

ఆ టాబ్లెట్‌ను వెంటనే జాబితాలోంచి తీసేద్దామని ఆమె అంది. నేను ఆపాను. ఇలాంటి స్థితిలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. తీసేసిన క్షణంలో అవతలివారికి తెలిసిపోతుంది, తెలిశాక వారు ఏం చేస్తారన్నదే అసలు ప్రమాదం. ముందు ఉండటానికి సురక్షితమైన చోటు, తోడుగా ఒక మనిషి, గృహహింస బాధితులకు సాయపడే సంస్థతో ఒక మాట, ఆ తర్వాతే సెట్టింగ్‌లు. ఆమె ఆ ఫోనును ఇంట్లోనే ఆన్‌లో వదిలేసి న్యాయవాది దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. అవసరానికి, అతనికి తెలియని ఖాతాతో వేరే ఫోను పెట్టుకుంది. బయటపడ్డాకే పాత ఖాతాను శుభ్రం చేశాం. ఐఫోన్ వాడేవారికి ఐఓఎస్ 16 నుంచి ‘సేఫ్టీ చెక్’ అనే పుట ఉంది. ఎవరెవరికి మీ ఆచూకీ అందుతోందో అక్కడ ఒకేచోట కనిపిస్తుంది, ఒకేసారి అన్నీ ఆపే వీలూ ఉంది.

రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. జ్ఞాపకశక్తి తగ్గుతున్న ఒక పెద్దాయన సాయంత్రం నడకకు వెళ్లి తిరిగి రాలేదు. జేబులో ఫోను ఉంది, బ్యాటరీ లేదు. కూతురు గంటసేపు ఆ నంబరుకు చేస్తూనే ఉందట. ఆ తర్వాత ఫోను వెతికే పుట తెరిస్తే, పది నిమిషాల కిందటిదని చూపిస్తూ పటం మీద ఒక చుక్క ఉంది. ఆయన పార్కు వెనుక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన పక్కగా పరుగెత్తుకుంటూ పోయిన ఎవరి ఫోనో ఆ ఉత్తరం వేసి ఉంటుంది. వేసిన మనిషికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇది విన్నాక, ఈ సదుపాయం గూఢచర్యమని ఒక్క మాటలో కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేకపోతున్నాను.

దొంగతనాల్లోనూ ఇది పనికొస్తుంది. ఫోను లాక్కున్నవాడు మొదట చేసే పని ఆఫ్ చేయడమే. ఐఫోన్‌లో ఆఫ్ చేసే తెర మీద ఈ సదుపాయాన్ని ఆపాలంటే పాస్‌కోడ్ కావాలి కాబట్టి, ఆఫ్ చేసినంత మాత్రాన వాడు తప్పించుకోలేడు. కానీ చుక్క కనిపించింది కదా అని మీరే అక్కడికి వెళ్లకండి. ఆ పటాన్ని పోలీసులకు చూపించండి.

ఎలా ఆపాలి. ఐఫోన్‌లో ఒక్కసారికి మాత్రం ఆపాలంటే, ఆఫ్ చేసే తెర మీద మీకు కనిపించిన ఆ చిన్న వాక్యాన్నే నొక్కండి. తాత్కాలికంగా ఆపే అవకాశం వస్తుంది, పాస్‌కోడ్ అడుగుతుంది. ఫోను మళ్లీ ఆన్ చేయగానే సదుపాయం తిరిగి వస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే సెట్టింగ్‌లలో మీ పేరు, ఫైండ్ మై, ఫైండ్ మై ఐఫోన్ వరకు వెళ్లి ‘ఫైండ్ మై నెట్‌వర్క్’ మీటను ఆపేయండి. గూగుల్ తన సదుపాయానికి 2025లో ‘ఫైండ్ హబ్’ అని పేరు మార్చింది. ఆండ్రాయిడ్ సెట్టింగ్‌లలో గూగుల్ విభాగంలో దాన్ని వెతికి, ఆఫ్‌లైన్ పరికరాలను వెతికే వరుస తెరవండి. రద్దీ ప్రదేశాల్లో మాత్రమే నెట్‌వర్క్ వాడే ఎంపిక మొదటినుంచీ పెట్టి ఉంటుంది. అక్కడ అనేక ఫోన్ల నివేదికలు కలిశాకే చోటు చూపిస్తుంది, కాబట్టి ఒంటరి ఇంట్లో ఉన్న మనిషిని పట్టివ్వడం కష్టం. నాకు ఆ ఎంపిక బాగుంది. పూర్తిగా ఆపడమూ అక్కడే.

ఫ్లైట్ మోడ్‌ను నమ్మకండి. చాలా ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా బ్లూటూత్ నడుస్తూనే ఉండవచ్చు. ఐఫోన్‌లో పైనుంచి లాగే ప్యానెల్‌లో బ్లూటూత్ బొమ్మ నొక్కితే అది పూర్తిగా ఆగదు, ఆపాలంటే సెట్టింగ్‌లలోకి వెళ్లాల్సిందే. ఇంకా చాలామంది మరిచిపోయేది: ఫోను ఆఫ్ చేసి, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల డబ్బానూ తాళాల గుత్తికి వేలాడే ట్యాగ్‌నూ చేతి గడియారాన్నీ వెంట తీసుకెళ్లడం. అవీ పిలుస్తూనే ఉంటాయి, అవీ ఏదో ఒక ఖాతాకు చెందినవే.

రేడియో తరంగాలను ఆపే ఫారడే సంచుల గురించి కూడా అడిగేవారుంటారు. మంచివి పనిచేస్తాయి. కానీ కొన్న రోజు పనిచేసిన సంచి, మడతల దగ్గర లోహపు దారాలు తెగాక పనిచేయదు. నా సంచి ఒకటి ఎనిమిది నెలలకే అలా అయింది. ఫోను లోపల పెట్టి వేరే ఫోనుతో దానికి కాల్ చేయండి, తర్వాత బ్లూటూత్ స్పీకర్‌లో పాట పెట్టి ఫోనును సంచిలో దించండి. కాల్ మోగినా, పాట ఆగకపోయినా ఆ సంచితో లాభం లేదు. సంచిలో పెట్టే ముందు ఫోను ఆఫ్ చేయండి, లేకపోతే టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తోడేస్తుంది. నిజంగా ఎవరికీ తెలియకూడని చోటికి వెళ్తుంటే మాత్రం నా సలహా ఒక్కటే: ఫోను ఇంట్లో వదిలి వెళ్లండి.

ఇక ఆఫ్ చేయడం ఎందుకని అడిగారు కదా. దానికి ఇప్పటికీ గట్టి కారణం ఉంది, అది ఆచూకీకి సంబంధించినది కాదు. ఫోను ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాక, మొదటిసారి పాస్‌కోడ్ కొట్టేవరకు లోపలి సమాచారంలో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఫోను తాళాన్ని ఛేదించి లోపలి సమాచారం తీయడం, ఒకసారి తెరిచి లాక్ చేసిన ఫోను కంటే చాలా కష్టం. తనిఖీలు జరిగే చోటికి వెళ్లేముందు నేను ఫోను ఆఫ్ చేయమనేది అందుకే. వారానికొకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమని అమెరికా జాతీయ భద్రతా సంస్థే 2020 నాటి తన సూచనల్లో చెప్పింది. కొన్ని రకాల హానికర ప్రోగ్రామ్‌లు పునఃప్రారంభాన్ని తట్టుకుని నిలవలేవు.

మా ఇంట్లో అమ్మ ఫోనుకు, పిల్లల ఫోన్లకు ఈ సదుపాయం ఆన్‌లోనే ఉంచాను. బాధితులతో మాట్లాడే పని ఫోనుకు శాశ్వతంగా ఆపేశాను, అది పోతే పోయిందనుకునే తెగింపుతోనే. మీరు ఈ రాత్రి చేయాల్సింది పది నిమిషాల పని. ఖాతా పుట తెరిచి, పరికరాల జాబితాలో మీకు తెలియనిది ఏదైనా ఉందేమో చూడండి. కుటుంబ సభ్యుల జాబితాలో, ఆచూకీ పంచుకుంటున్నవారి జాబితాలో ఎవరున్నారో చూడండి. భయపడాల్సిన మనిషి ఎవరూ లేకపోతే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఆ జాబితాలో అర్థంకాని పేరు కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా, మరొకరి ఫోను నుంచి ఇక్కడే నాకు రాయండి. మీ ఫోను మోడల్ కూడా చెబితే, ఏ వరుస నొక్కాలో విడమరిచి చెబుతాను.